పందిరి అడగని మొక్క

మైకేల్ పోలన్ 2001లో వెలువరించిన ‘ది బాటనీ ఆఫ్ డిజైర్’ ఆపిల్, తులిప్, గంజాయి, బంగాళాదుంప అనే నాలుగు మొక్కల కథ. మనిషి కోరికలను ఆసరాగా చేసుకొని మొక్కలే తమ సంతతిని విస్తరించుకున్నాయన్నది రచయిత వాదం. ఆకర్షణీయమైన వాదమే. గదులలో పెరిగే గంజాయి మాత్రం దానికి పూర్తిగా ఒదగదు.

బీర, సొర తీగజాతులు. పందిరి వాటి స్వభావానికి తగినది. గంజాయి తీగ కాదు. ఆరుబయట తన కాండంపై తానే నిలుస్తుంది. అమెరికాలో నిషేధపు కాఠిన్యం దానిని దీపాల కిందికి తరిమింది. అక్కడ సహజమైన గాలి తాకిడి లేక కాండం బలపడదు. మనిషి ఏరికోరి పెంచిన రకాలలో పూగుత్తులు బరువెక్కాయి. అందుకే చట్రానికి వల బిగించి, కొమ్మలను వంచి గళ్లలోకి మళ్లించి, వెలుగు సమంగా అందేలా పరుస్తారు.

సంతతి పెరగడమే గెలుపైతే గంజాయి గెలిచినట్టే. కానీ ఊత తీస్తే ఒరిగిపోయే గెలుపులో స్వేచ్ఛ ఎంత? ‘తులసివనంలో గంజాయి మొక్క’ అనే సామెత నిందను మొక్కపైకి నెడుతుంది. పోలన్ ఘనతను మొక్కకు కట్టబెడతాడు. వల కట్టిన చేతిని రెండూ తగినంతగా పట్టించుకోవు. ఆ చేతిని గుర్తుంచుకొని చదివితే ఈ మంచి పుస్తకం మరింత లోతుగా అర్థమవుతుంది.