ఆసనమును నడుపు పెట్టె

నేడు స్త్రీలును మోటారుకార్లు నడుపుచున్నారు. ఒకప్పుడు విజయనగర రాజులకు రాజధానియైన పెనుకొండ చెంత, యర్రమంచిలోని కియావారి కర్మాగారమున 2019 నుండి సెల్టోస్ కార్లు తయారగుచున్నవి. వానిలో మేలిరకములందు డ్రైవరు ఆసనము విద్యుచ్ఛక్తిచే ముందువెనుకలకును, క్రిందుమీదులకును కదలును. అది యెట్లు కదలునో తెలిసికొనుట మనకును అవసరము. ఏలయన అందు మన దేహరక్షణ యిమిడియున్నది.

ఆసనము క్రింద చిన్న మోటార్లుండును. జరుపుటకొకటి, ఎత్తుటకొకటి, వీపుపలకను వాల్చుటకు మఱియొకటి. మోటారు తిరుగగా మరచీలవంటి కడ్డీ తిరిగి ఆసనమును మెల్లగా జరుపును. విద్యుత్తు దిశ మార్చినచో మోటారు ఎదురు తిరుగును. ఆసనమును వెనుకకు మరలును. సాధారణమైన అమరికలో మీటయే యీ విద్యుత్తును నేరుగా పంపును. ఖరీదైన కార్లలో నడుమ కంట్రోల్ మాడ్యూల్ అను ఎలక్ట్రానిక్ పెట్టె యుండును. అప్పుడు మీట పంపునది సన్నని సంకేతము మాత్రమే. పెట్టె దానిని గ్రహించి, బ్యాటరీనుండి తగిన మోటారునకు అధిక విద్యుత్తును విడుచును. గృహిణి కనుసన్న చేయగా ఇంటివారు పనికి పూనుకొనినట్లని తలపుడు.

మోటారు తిరిగినకొలది ఒక సెన్సారునుండి స్పందనలు వచ్చును. జపమాలలో పూసలు లెక్కించునట్లు పెట్టె వానిని లెక్కించి, ఆసనమెంత జరిగెనో తెలిసికొనును. ఆ లెక్కను దాచుకొనుటయే మెమొరీ. భర్త కూర్చుండు తీరు ఒక సంఖ్యకును, భార్య కూర్చుండు తీరు మఱొక సంఖ్యకును అప్పగింపవచ్చును. ఇట్టి సదుపాయము 1957 నాటి అమెరికా కారైన క్యాడిలాక్ ఎల్డొరాడో బ్రోహమ్‌లోనే యుండెను.

పుష్పకవిమానము ఎక్కినవాని మనస్సు నెఱిగి నడచెనని వింటిమి. ఈ పెట్టె మనస్సు నెఱుగదు; లెక్కనే యెఱుగును. పొడగరియైన భర్త సంఖ్యను పొట్టి యిల్లాలు నొక్కినచో, ఆసనము వెనుకకు పోయి పాదము బ్రేకున కందదు. గర్భిణి కూర్చుండగా మఱొకరి సంఖ్య నొక్కినచో, కడుపు స్టీరింగునకు చేరువ కావచ్చును. అడ్డు తగిలి మోటారు హెచ్చు విద్యుత్తు లాగుట గమనించి కొన్ని పెట్టెలు దాని నాపివేయును. అయినను దానిపై భారముంచి పసిబిడ్డలను కారులో ఒంటరిగా విడువరాదు.

మన దేశమున 2019 జూలై 1 నుండి తయారగు కార్లలో డ్రైవరు ఎదుట ఎయిర్‌బ్యాగు తప్పనిసరి. ప్రమాదము సంభవింపగా అది ఱెప్పపాటున ఉబ్బును. కావున ఱొమ్ముటెముకకును స్టీరింగు నడిమికిని కనీసము 25 సెంటీమీటర్ల యెడముండవలెనని అమెరికా రహదారి భద్రతాశాఖవారి సలహా. పొట్టివారు బ్రేకు అందుటకై మిక్కిలి ముందుకు జరుగుదురు. అట్లు గాక, పాదము చక్కగా అందునంతలో ఆసనమును వెనుకకు జరుపుకొని, వీపుపలకను కొంచెము వాల్చి, త్రోవ కనబడనిచో ఆసనమును ఎత్తుకొనవలెను.

మా యెఱుకలోని కొందఱు గృహిణులు కారు నేర్వబూని, ఆసనము సరిపడక, ఇది పురుషుల పనియని మానుకొనిరి. సరిపడనిది ఆసనపు కొలతయే గాని వారి నేర్పు కాదు. కొనకనమిట్లనుండి పొదిలికిగాని మార్కాపురమునకుగాని బయలుదేరు సోదరి, బండి కదలకమునుపే తన కొలత సరిచూచుకొనవలెను. నడుచునప్పుడు ఆ మీటను తాకరాదు. సంఖ్యలు గల కారైనచో అందొకటి తనకు కేటాయింపుమని యింటివారి నడుగుటకు సంకోచమేల? పురుషుని కొలతకు ఆసనమును విడిచి, వీపువెనుక దిండు పెట్టుకొని సర్దుకొనుట మన వంతు కారాదు.