చెట్లు నరికాం, పేజీ రాయలేదు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వండన్నా అని సంపాదక వర్గం తమ్ముళ్ళు అడిగి నెలన్నర దాటింది. రేపిస్తాం, ఎల్లుండి ఇస్తాం అంటూ మెస్సు దగ్గర వాళ్ళ కంటపడకుండా తిరిగాం. చివరికి నిన్న రాత్రి ఒక తమ్ముడు మా గది గుమ్మంలో చాప వేసుకుని కూర్చున్నాడు, వ్యాసం చేతికిస్తే తప్ప లేవనని. ఇక తప్పక, రాయడం ఎందుకు వాయిదా పడుతుందనే దాని గురించే రాస్తున్నాం. ఈ విషయంలో మాకున్నంత అనుభవం ఈ హాస్టల్లో మరెవరికీ లేదని సవినయంగా మనవి చేసుకుంటున్నాం.

మేమంటే పై అంతస్తు చివరి గదిలో ఉండే నలుగురం. పీజీ రెండో సంవత్సరం. మా నలుగురి ఇళ్ళలోనూ డిగ్రీ ముఖం చూసినవాళ్ళం మేమే మొదలు. నలుగురం ప్రాజెక్టు రిపోర్టులు ఇవ్వాలి. మాలో ఒకడిది ఆర్థికశాస్త్రం. (ఎవడని అడగొద్దు, ఈ వ్యాసంలో అన్ని తప్పులూ నలుగురివి.) వాడి అంశం సొంత మండలంలో కౌలు రైతుల అప్పులు. వేసవి సెలవుల్లో అరవై ఇళ్ళు తిరిగి ప్రశ్నపత్రాలు నింపుకొచ్చాడు. ఆ కాగితాల కట్ట ట్రంకుపెట్టెలో దుప్పటి కింద ఐదు నెలలు కదలకుండా పడి ఉంది. ఆ ఐదు నెలలూ మేమేం చేశామయ్యా అంటే, చెట్లు నరికాం, చేపలు పట్టాం, ఇనుము కరిగించాం. అంతా ఫోన్లోనే!

ఆట తెలియనివాళ్ళకు నాలుగు మాటలు. దాని పేరు ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్. ఇంగ్లండులోని జాగెక్స్ అనే కంపెనీ 2001లో రూన్‌స్కేప్ ఆటను తెచ్చింది. 2007 నాటి దాని రూపాన్నే 2013లో ఈ పేరుతో మళ్ళీ పెట్టారు. 2018లో ఫోన్లకు వచ్చింది. బొమ్మలు మొరటుగా ఉంటాయి, మన పాత ఫోన్లలో కూడా నడుస్తుంది. డబ్బు కడితే ఇంకా చాలా చూపిస్తారట గానీ, కట్టకపోయినా ఆడొచ్చు. మనం అందులో ఒక మనిషిగా పుడతాం. ఆ మనిషి కట్టెలు కొడతాడు, మంట వేస్తాడు, వంట చేస్తాడు, గనిలో తవ్వుతాడు. ప్రతి పనికీ 1 నుంచి 99 దాకా మెట్లు. మామూలు చెట్టు దుంగకు 25 పాయింట్లు, ఓక్ దుంగకు 37.5, విల్లో దుంగకు 67.5.

99వ మెట్టుకు 1,30,34,431 పాయింట్లు కావాలి. మా లెక్కల మిత్రుడు చేసిన లెక్క ప్రకారం విల్లో దుంగలే కొడితే దాదాపు 1,93,000 దుంగలన్నమాట. ఇంకో చమత్కారం చూడండి. 92వ మెట్టుకు 65,17,253 పాయింట్లు. అంటే 92 ఎక్కినవాడు దాదాపు సరిగ్గా సగం దూరం వచ్చినట్టు! ఈ లెక్క తెలిసి కూడా మేం ఆడాం. తెలిశాక ఇంకా ఎక్కువ ఆడాం.

పండగకి ఇంటికెళ్ళినప్పుడు మాలో ఒకడు మంచం మీద పడుకుని ఇదే పని చేస్తుంటే వాళ్ళమ్మ వెనక నుంచి చూసింది. "కట్టెలు కొట్టడానికి పెద్ద చదువెందుకురా, ఆ కొట్టేదేదో మన పొయ్యిలోకి కొట్టరాదూ" అంది. నవ్వుకున్నాం గానీ, ఆ మాట మమ్మల్ని వదల్లేదు. ఆవిడ ఉపాధి హామీ పనికి వెళ్ళిన రోజుల్లో తవ్విన గుంతకు టేపు పెట్టి కొలిచేవారు. కొలత తగ్గితే కూలి తగ్గేది. ఆ కొలతలో ఎన్ని తగాదాలున్నా, పొద్దుగూకేసరికి ఎంత తవ్వామో గుంత కళ్ళెదుట ఉండేది. కష్టానికి కొలత ఉండాలనేది మన ఇళ్ళలో పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. ఆటలో ఆ కొలత ఉంది. గొడ్డలి వేటు వృథా పోయినా దుంగ పడిన ప్రతిసారీ పాయింటు పడుతుంది, ఎవరి దయా అక్కర్లేదు. మరి ప్రాజెక్టు రిపోర్టులో? మూడు గంటలు కూర్చుంటే ఒక వాక్యం వస్తుంది, నాలుగో గంటలో దాన్నీ కొట్టేస్తాం. అప్పుడు పొద్దుటి కంటే వెనక్కి పోయినట్టే కదా.

అసలు ఆట ఏ రాత్రి మొదలైందో కూడా మాకు గుర్తుంది. మాలో ఒకడు మొదటి అధ్యాయం మూడు పేజీలు రాసి గైడ్ గారికి చూపించాడు. మొదటి పేరా చుట్టూ ఎర్ర సిరాతో గీత చుట్టి, 'మళ్ళీ రాయి' అని ఇచ్చేశారు. ఏది తప్పో చెప్పలేదు. చెప్పే తీరిక ఆయనకు లేదు, అడిగే ధైర్యం వీడికి లేదు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఇంగ్లీషులో వంద పేజీలు రాయవలసిన వాడికి ఆ ఎర్రగీత ఒక పేరా చుట్టూ గీసినట్టు కనిపించదు. నువ్వు ఇక్కడికి రావలసినవాడివి కావురా అని గీసినట్టు కనిపిస్తుంది. ఆ రాత్రే నలుగురం కలిసి మొదటి చెట్టు నరికాం.

అందుకే మమ్మల్ని సోమరులంటే ఒప్పుకోం. సోమరివాడు తెల్లవారుజామున రెండింటి దాకా మేలుకుని లాబ్‌స్టర్లు పడతాడా? 2013లో ఫ్యూషియా సిరోయ్, తిమోతీ పిచిల్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక వ్యాసం రాశారు. పని వాయిదా వెయ్యడమంటే ఆ పని తలచుకుంటే కలిగే బాధ నుంచి అప్పటికప్పుడు మనసును తప్పించుకోవడమేనని, దానికయ్యే ఖర్చు రేపటి మన మీద పడుతుందని దాని సారాంశం. మా గదికి వచ్చి చూసి రాశారేమో అనిపించింది.

ఇదంతా చదివి, అయితే రాత్రి పదింటికి వైఫై కట్టేస్తే సరిపోతుంది కదా అనే పెద్దలు ఉంటారని తెలుసు. పోయిన వానల్లో కేబుల్ తెగి నాలుగు రోజులు నెట్ లేదు, సిగ్నలూ లేదు. ఆ నాలుగు రోజుల్లో మేం దుప్పట్లు ఉతికాం, గదికి బూజు దులిపాం, క్యారమ్స్ ఆడాం, ఒకడు పెరుగుతున్న తన జుట్టుకు తనే కత్తెర పెట్టుకుని పాడు చేసుకున్నాడు. పేజీ మాత్రం ఒక్కటి రాయలేదు. నెట్ కట్టేస్తే భయం ఇంకో దారి వెతుక్కుంటుంది. అయితే డబ్బు పెట్టి ఆడే ఆటల సంగతి పూర్తిగా వేరు. వాటిని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో, కేంద్రం 2025లో చట్టాలతో నిషేధించడం మంచి పనే, వాటి తరఫున మేం ఒక్క ముక్క మాట్లాడం. అలాగే అన్నం, నిద్ర, క్లాసు అన్నీ మానేసి నెలల తరబడి ఆటలోనే ఉన్న తమ్ముడెవరైనా ఉంటే అది జబ్బు కావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని జబ్బుల పట్టికలో చేర్చింది, ఆ పట్టిక 2022 నుంచి అమల్లో ఉంది. టెలీ మానస్ వారి 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. సిగ్గు పడాల్సిన పనీ లేదు.

మాకైతే సిగ్గు వేరే చోట తగిలింది. ఆటలో ఎంతసేపు ఆడామో అదే చూపిస్తుంది. ఒక రాత్రి మాలో ఒకడిది చూస్తే 17 రోజుల 9 గంటలు! రాసిన పేజీలు నాలుగున్నర. ఆ రాత్రే ట్రంకుపెట్టె తెరిచి ప్రశ్నపత్రాలు బయటికి తీశాం. నలుగురం పంచుకుని చదవడం మొదలుపెట్టాం. 2019 నాటి సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డు కావాలంటే యజమాని సంతకం పెట్టవలసి వచ్చింది. యజమాని పెట్టలేదని, కార్డు లేక బ్యాంకు అప్పు పుట్టలేదని, వడ్డీ వ్యాపారి దగ్గరికే పోయామని ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. నలభై మూడో కాగితం మా వాడి సొంత నాన్నది. వడ్డీ ఎంతని అడిగితే కొడుకుకు చెప్పలేక 'రాసుకో నాయనా, నూటికి రెండు' అన్నాడట. అది అబద్ధమని రాసేవాడికి తెలుసు, చెప్పినవాడికీ తెలుసు. ఆ అరవై మందీ మిట్టమధ్యాహ్నం పని ఆపి, మంచం వాల్చి, టీ ఇచ్చి మాట్లాడారు. ఈ కుర్రాడు మన గురించి ఏదో రాస్తాడన్న నమ్మకం తప్ప వాళ్ళకు ఒరిగేదేముంది? ఆ మాటల మీద దుప్పటి కప్పి మేం విల్లో చెట్లు కొట్టాం.

ఆట నుంచి నేర్చుకోదగ్గది ఒకటుంది, చెప్పకపోతే అన్యాయం అవుతుంది. కొత్తగా చేరినవాణ్ణి ముందు ట్యుటోరియల్ ఐలాండ్ అనే దీవిలో దించుతారు. అక్కడ పనులు నేర్పే గురువులు ఉంటారు. గొడ్డలి ఎలా పట్టాలో, నిప్పు ఎలా రాజెయ్యాలో, రొయ్యలు ఎలా కాల్చాలో దగ్గరుండి చూపిస్తారు. రొయ్య మాడిపోతే ఇంకోటి పట్టుకురమ్మంటారు, అంతే. రిపోర్టు రాసేవాడికి అలాంటి దీవి ఏది? లెక్చరర్ల పిల్లలకు ఇల్లే ఆ దీవి. నాన్న పాత థీసిస్ అటక మీద ఉంటుంది, అమ్మ దిద్దిపెడుతుంది. పూర్వ పరిశోధనల సమీక్ష అంటే ఏమిటో మనవాడికి ఎవరు చెబుతారు? గూగుల్ చెబుతుందనుకుంటాం. ఈ మధ్య కృత్రిమ మేధ యంత్రాలు మొత్తం రాసిచ్చేస్తున్నాయి కూడా. మాలో ఒకడు అలా ఒక అధ్యాయం రాయించాడు. ఇంగ్లీషు పట్టుపంచెలా ఉంది, అందులో మన అరవై మందిలో ఒక్కడూ లేడు. చించేశాడు.

పూర్వ విద్యార్థులైన అన్నలకు ఒక విన్నపం. మీరు హాస్టల్‌కు ఫ్యాన్లు ఇచ్చారు, వాటర్ కూలర్ ఇచ్చారు, నిరుడు ప్లేట్లు ఇచ్చారు. ఎంతో కృతజ్ఞులం. ఈసారి వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు మీ పాత ప్రాజెక్టు రిపోర్టు తెచ్చిపెట్టండి. బంగారు అక్షరాలతో బైండు చేయించినది వద్దు. ఎర్ర సిరా పడినది, కొట్టివేతలున్నది, మీరు సిగ్గుపడి దాచుకున్న ఆ చిత్తుప్రతి కావాలి. మీక్కూడా రాలేదని, వచ్చేదాకా రాశారని తమ్ముళ్ళు కళ్ళారా చూడాలి. రీడింగ్ రూములో కింది అర ఖాళీ చేసి ఉంచాం, వార్డెన్ గారు ఒప్పుకున్నారు.

మా సంగతి అంటారా? ఆట పూర్తిగా మానలేదు, అబద్ధం ఎందుకు. ఒకడు 71వ మెట్టు మీద ఆగాడు, ఇంకొకడు ఇంకా దొంగచాటుగా ఆడుతున్నాడు. కానీ మూడు వారాలుగా ప్రతి ఆదివారం ఒక్కొక్కరం ఒక్క పేజీ పట్టుకొస్తున్నాం, మిగిలిన ముగ్గురికీ గట్టిగా చదివి వినిపిస్తున్నాం. ముందు తెలుగులో రాసి తర్వాత ఇంగ్లీషులోకి మారుస్తున్నాం. మొదటి వారం వినిపించిన పేజీకి అందరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం, రాసినవాడు కూడా నవ్వాడు. మూడో అధ్యాయం పదకొండో పేజీలో ఉంది. కింది తరగతుల తమ్ముళ్ళు కూడా రావొచ్చు. ఆదివారం టిఫిన్ అయ్యాక రీడింగ్ రూములో కిటికీ పక్క బల్ల దగ్గర ఉంటాం. పేజీ ఎంత అధ్వాన్నంగా ఉన్నా సరే, తెచ్చుకోండి.