పెరటి ముచ్చటలు: కుంకుడు మొలక



పండుగనాడు తలంటికి కుంకుడుకాయలు కొట్టని యిల్లు మన తల్లులనాడు లేదు. నేడు సీసాలలోని షాంపూ వచ్చి కుంకుడుకాయను వెనుకకు నెట్టినది. అయినను పట్టుచీర యుదుకవలసివచ్చినను, వెండిగిన్నె తోమవలసివచ్చినను, నగలమురికి పోగొట్టవలసివచ్చినను మరల దానినే వెదకికొందుము. కొట్టునకు పోయి కొనుటయే కాని, ఆ చెట్టును పెరటిలో పెంచుకొందమను తలంపు మనలో ననేకులకు కలుగదు. ఈ మాసము దానినిగూర్చి వ్రాయుటకు మాకొక కారణము కలదు. అది ముందు తెలియగలదు.

అమరసింహుడు వనౌషధివర్గమున దీనికి అరిష్టము, ఫేనిలము అని రెండు పేర్లు చెప్పినాడు. ఫేనమనగా నురుగు, నురుగునిచ్చునది ఫేనిలము. చిన్ననాడు మా తండ్రిగారు అమరము వల్లె వేయించుచు ఈ మాటకడ నాగి, నూతియొద్దకు తీసికొనిపోయి కాయను పిసికి నురుగు చూపిరి. నాటినుండి ఆ పేరు మఱవలేదు. కాయతొక్కలోని సపోనిన్ అను పదార్థమువలన ఆ నురుగు పుట్టునని నేటి శాస్త్రజ్ఞులు చెప్పుదురు. లిన్నేయసు పండితుడు 1753లో ప్రకటించిన గ్రంథమున ఈ తెగకు సపిండస్ అను పేరు కలదు. సబ్బు, ఇండియా అను రెండు మాటలు అందు కలిసియున్నవి.

చలిదేశములలో ఆకురాలుకాలమున ఎఱ్ఱబారి కన్నులపండువుచేయు మేపుల్ చెట్టును గూడ వృక్షశాస్త్రజ్ఞులు ఇప్పుడు కుంకుడు కుటుంబముననే చేర్చుచున్నారు. ఆ చెట్టుగింజకు ఱెక్క యుండును. గాలి వీచినచో గిఱ్ఱున తిరుగుచు దూరముగా పోయి పడును. మన కుంకుడుగింజ గుండ్రనిది, నల్లనిది, ఱాయివలె గట్టిది. దానికి ఱెక్క లేదు. చెట్టుక్రిందనే పడును. దూరము పోవలయునన్న ఎవ్వరో యొకరు చేతబట్టి కొనిపోవలయును.

ఈ సంగతి తెలియక మేము మొదట చేసిన పొరపాటు చెప్పెదము. కాపురమునకు వచ్చిన క్రొత్తలో పొరుగింటివారి కుంకుడుచెట్టుక్రింద వానలకు మొలకలు గుంపుగా లేచియుండెను. ఆ యింటి పెద్దమ్మగారు, “కావలసినన్ని తీసికొనిపొమ్ము తల్లీ!” అనిరి. మేము సంబరముతో గునపము తీసికొని పోయి, జానెడేసి పెరిగిన మొలకలు ఏడింటిని పెల్లగించి తెచ్చి మా పెరటిలో నాటితిమి. పది దినములకు ఆకులు వ్రేలాడబడెను. నీరు చాలలేదనుకొని మఱింత పోసితిమి. నెల తిరుగకముందే ఏడును ఎండిపోయినవి. ఒకదానిని పెఱికి చూడగా తల్లివేరు నడుమకు తెగియుండెను. ఈ మొలక పైకి లేచినదానికంటె ముందుగా లోనికి దిగును. పైన రెండాకులు చూచి పసిమొక్కయనుకొందుము. క్రింద అది అప్పటికే యా నేలను పట్టుకొనియుండును. కావున కుంకుడును ఎక్కడ నుంచదలతుమో అక్కడనే గింజ వేయుట మేలు.

ఇక గింజ వేయు తీరు వినుడు. కుంకుడు చలికాలమున పూచును. కాయలు వేసవి తొలిదినములలో పండును. చెట్టుక్రింద రాలిన పండుకాయలు ఏరి, తొక్క యొలిచి, గింజలను కడిగి నీడన ఆరబెట్టి గుడ్డసంచిలో దాచవలయును. తలంటికై ఉడికించిన కాయలలోని గింజలు మొలవవు. తొలకరి పడగానే గింజలను తీసి, గరుకుఱాతిమీద ఒక ప్రక్క కొంచెము రుద్దవలయును. బొడ్డువైపు రుద్దరాదు, లోని పప్పునకు గాయము తగులరాదు. పిమ్మట గోరువెచ్చని నీటిలో ఒక రాత్రియు పగలును నాననిచ్చి, ఉబ్బిన గింజలను వేయవలయును. గోడకును నూతికిని ఐదాఱు గజముల యెడముగా, ఎండ బాగుగా తగులుచోట, మోకాలిలోతు గొయ్యి త్రవ్వి, త్రవ్విన మన్నును మాగిన పశువులయెరువుతో కలిపి నింపి, అంగుళము లోతున మూడు గింజలు వేయవలయును. మొలచుటకు నెల పట్టవచ్చును, రెండు నెలలును పట్టవచ్చును. తొందరపడి గోయి చూడరాదు.

మూడును మొలచినచో బలమైనదాని నొకదాని నుంచి, తక్కినవానిని మొదటికి కత్తెరతో కత్తిరింపవలయును. పెఱికినచో ప్రక్కమొలక వేరు కదలును. చెదలు పట్టు నేలయైనచో గోతిలో వేపపిండి పిడికెడు కలుపుడు. మేకలు రాకుండ చుట్టును ముండ్లకంప వేయుడు. మొదటి రెండు వేసవులును వారమున కొకసారి రెండు బిందెల నీరు, మొదటికి దూరముగా పాదుచేసి పోసిన చాలును. సంచిలో మొలిపింపక తప్పనివారు లోతైన సంచిని తీసికొని, మొదటి వానకాలమే దాటకుండ, మట్టిగడ్డ చెదరకుండ సంచిని చీల్చి నాటవలయును.

ఈ విధముననే ఇప్పుడున్న అద్దెయింటిలో ఐదేండ్లక్రిందట పది గింజలు వేసితిమి. నాలుగు మొలచెను, ఒకటి నిలిచెను. అది నేడు చూరు నంటుచున్నది. లేజిగుళ్ళమీద తుప్పువంటి నూగు కనబడినపుడెల్ల మాకు పండుగయే. కాపు మాత్రము రాలేదు. గింజనుండి పెరిగిన కుంకుడు కాయుటకు ఎనిమిది పదేండ్లు పట్టును.

పోయిన మాసమున మావారికి బదిలీ యుత్తరువు వచ్చినది. బడిపంతులు భార్యలకిది క్రొత్త గాదు. మాకిది నాలుగవ యూరు. మావారు, “నీ చెట్టును త్రవ్వించి లారీలో వేయింతునా?” అని యడిగిరి. ఆయన హాస్యమున కనలేదు. అయినను ఆ యేడు మొలకలను ఎండబెట్టిన చేతులు మావి. మఱల ఆ పనికి ఒప్పుకొనలేదు. మా అత్తగారు, “పెఱవారి తలలకు నురుగు పోయుటకేనా అమ్మాయీ, ఐదేండ్లు నీళ్ళు మోసితివి?” అనిరి. ఆ మాటకు మేము బదులు చెప్పలేకపోతిమి. నిజము చెప్పవలయునన్న మాకును అదే దుఃఖము.

ఇంటివారి నడుగగా, ఆ స్థలమున రెండు గదులు వేయు తలంపు తమకు కలదనియు, ఇల్లు కట్టునాటికి చూతమనియు చెప్పిరి. అంతకుమించి వారిని నిర్బంధించుటకు మాకు హక్కు లేదు.

ఆ రాత్రి నిదురపట్టక శకుంతలను తలచికొంటిమి. ఆమె కణ్వాశ్రమమును విడుచునపుడు, తాను పెంచిన లతయొద్ద సెలవు గైకొన్నదేకాని, దానిని పెఱికి వెంట తీసికొనిపోలేదు. తెల్లవాఱి లేచి చూతుముగదా, మా అత్తగారు కుంకుడుపాదునకు నీరు పోయుచున్నారు. “మా అత్తవారింట ముప్పదియేండ్లు కుంకుళ్ళు ఏరితిని. ఆ చెట్టు నాటినదెవ్వరో నేనెన్నడును అడుగలేదు,” అని, బిందె క్రిందపెట్టి, “వచ్చు వేసవికి దీనికి నీళ్ళెవ్వరు పోయుదురు?” అనిరి.

ఆ ప్రశ్నకు బదులుగా మేము చేసినది ఇంతే. ఇంటివారి కోడలిని పిలిచి, నీరు పోయు తీరును, కాపు వచ్చు కాలమును చెప్పి, గదులు వేయునపుడు గోడను రెండు గజములు జరుప వీలుండునేమో చూడుమని బతిమాలితిమి. ఆమె సరేయన్నది. ఏమగునో కాలమే చెప్పవలయును. కాయ చేతికి వచ్చిన పిమ్మట దాని నురుగు కంటిలో పడనీయరాదనియు, ఆ నీరు చేపలున్న చెఱువులోనికి పోనీయరాదనియు, సపోనిన్ చేపలకు విషమనియు గూడ ఆమెకు చెప్పితిమి. మీరును గుర్తుంచుకొనుడు.

మా సామాను మూటలలో ఇప్పుడొక చిన్న గుడ్డసంచి యున్నది. అందు ఇరువది గింజలు కలవు. మా అత్తగారు స్వయముగా ఏరి తెచ్చినవి. క్రొత్త యూరిలోని యిల్లును అద్దెదియే. అయినను తొలకరికి అవి నానును. మీ వీథిలో ఎక్కడనైన కుంకుడుచెట్టున్నచో, కాయలు తుడిచిపోయకముందే నాలుగు గింజలు ఏరి దాచుకొనుడు.