ట్రాక్టరు వెనుక అద్దమును రాతి దెబ్బనుండి కాపాడుట



క్యాబిను గల ట్రాక్టరులు మన సంఘములలో నింకను అరుదు. అట్టి దొకటి గల సంఘమువారు గత వేసవిలో నన్ను పిలిపించి యొక తగవును నా ముందుంచిరి. ఎఱ్ఱ చల్క పొలములో పత్తికట్టెను ముక్కలు చేయుటకై ట్రాక్టరునకు ష్రెడ్డరు తగిలించి పంపగా, రెండవ సాలులోనే యొక రాయి యెగసి వెనుక అద్దమును తాకినది. అద్దమంతయు పటికబెల్లపు పలుకులవలె రాలి డ్రైవరు వీపుమీద పడినది. దాని ఖరీదు పొలము గలవా డియ్యవలెనా, డ్రైవరియ్యవలెనా, సంఘము భరింపవలెనా? చాలసేపు వాదించి, తుదకు అద్దమునకు ఇనుప జాలి కట్టింతమని నిశ్చయించుకొని, జాలి యెట్టిదైన మంచిదో చెప్పుమని నన్నడిగిరి.

జాలి వలదని నేననను. కాని వారు తుదిపనిని మొదట చేయబూనిరని నా యభిప్రాయము.

ఇంత చిన్న రాతికి అంత పెద్ద అద్దము ఏల పొడియగును? వెనుక అద్దము సాధారణముగా టఫెన్డు గ్లాసు. దానిని 600 డిగ్రీలకు మించి కాచి, వెంటనే చల్లగాలి కొట్టుదురు. పైపొర ముందు గట్టిపడును. లోపలిది పిమ్మట చల్లారి ముడుచుకొనబోగా పైపొర అడ్డుపడును. అందుచే పైన నొక్కుడును లోన లాగుడును నిలిచియుండును. మామూలు అద్దముకంటె ఇది బలమైనదే. అయినను వాడిరాయి పైపొరను దాటి లోనికి దిగెనా, ఆ బంధించిన శక్తి యంతయు ఒక్క క్షణమున విడివడును. మోటారుకారు ముందటి అద్దము వేరు. అది రెండు పలకల నడుమ పొర పెట్టి యతికించినది గాన పగిలినను రాలదు, చిన్న గంటునకు మరమ్మతును కలదు. టఫెన్డు అద్దమునకు మరమ్మతు లేదు. దానిని కోయుటయు సాధ్యముకాదు గనుక పట్టణములోని అద్దాల దుకాణమువాడు కొలతకు కోసి యియ్యలేడు.

ఇక రాతి మాట. ష్రెడ్డరు రోటరు అడ్డుకొలత అర మీటరనియు, నిమిషమునకు 2000 చుట్లు తిరుగుననియు అనుకొందము. కత్తికొన గంటకు సుమారు 188 కిలోమీటర్ల వడిని పొందును. ఇట్టి యంత్రములు పెక్కింటిలో రోటరు, ట్రాక్టరు చక్రము తిరుగు దిక్కునకు ఎదురుగా తిరుగును. కావున దానిక్రింద చిక్కిన రాయి ముందునకు, అనగా ట్రాక్టరు వైపునకే యెగయును. దానిని ఆపుటకే యంత్రమునకు ముందు గొలుసుల వరుసయు, వెనుక రబ్బరు తెరయు అమర్చియుందురు.

నేను ఆ యంత్రమును చూచితిని. గొలుసులు సగము లేవు. రబ్బరు చినిగి వ్రేలాడుచున్నది. డ్రైవరు దాచక చెప్పెను: నిలువెత్తు పత్తికట్టె గొలుసులకు తగులుకొని పని సాగదు, అందుచే విప్పివేసితిననెను. అతనిని తిట్టుటకు నాకు నోరు రాలేదు. సంఘమువారు అతనికి ఎకరమునకింత అని కూలి యిచ్చుచున్నారు. త్వరగా ముగించినవానికే లాభము గలుగునట్లు తామే యేర్పరచి, త్వరపడినందుకు అద్దము ఖరీదు అడుగుట న్యాయమా? కట్టె ముక్కలు చేయు పనికి గంటల లెక్కను కూలి యియ్యవలెను. రాళ్లు ఏరని పొలములో దిగనని చెప్పు అధికారమును డ్రైవరునకు ఉండవలెను.

అద్దము తగిలిన రాయి యొకటి. తగులక పోయిన రాళ్లెన్ని? గట్టుమీద పశువులను కాచు పిల్లవానికి, ప్రక్క చేనిలో వంగి పనిచేయు ఆడకూతురునకు క్యాబినును లేదు, జాలియు లేదు. ఈ కారణముననే జాలి మాత్రము చాలదనుచున్నాను. యంత్రము తిరుగుచున్నంతసేపు ఆ మడిలోను చుట్టుపట్లను ఎవ్వరును ఉండరాదు.

పత్తికట్టెను తగులబెట్టక ముక్కలుచేసి నేలలో కలుపుట మంచిదని నేనే యూరూర చెప్పుచున్నాను. నేలకు సత్తువ, గులాబీరంగు పురుగు మరుసటి పంటకు మిగులుటయు తగ్గును. కాని చల్కలో ప్రతి దుక్కికిని క్రొత్త రాళ్లు పైకి వచ్చును. కట్టె నిలిచియుండగానే సాళ్లవెంట నొకసారి నడచి పిడికెడు రాళ్లను ఏరి గట్టున పోయవలెను. కదలని బండ యున్నచో ప్రక్కన కఱ్ఱ పాతి గుడ్డ కట్టవలెను. కత్తులు నేలను గీరకుండ మూడు నాలుగంగుళములు ఎత్తి నడుపవలెను. మొదలంట కోయుమని పట్టుబట్టు రైతులు కొందఱు కలరు. అద్దములు పగులగొట్టువారిలో వారును చేరుదురు.

ఇవి చేసిన పిమ్మట జాలి కట్టుడు. అది అద్దమును అంటియుండరాదు. నాలుగైదంగుళముల యెడముండిననే, దెబ్బకు లోనికి వంగినను అద్దమును తాకదు. కన్నులు సన్ననివి కావలెను. వెనుకచూపు మాత్రము చెడరాదు. దానిని వెల్డింగు చేసి బిగింపకుడు. ట్రాక్టరు పల్టీకొట్టి తలుపు తెరచుకొనకున్నచో పెక్కు బండ్లలో వెనుక అద్దమే బయటపడు త్రోవ. కావున బందులు వేసి, లోపలినుండి చేతితో తెరువ వీలగునట్లు అమర్చవలెను. అద్దమునకు మారుగ పాలికార్బనేటు పలక వేయుదురు. అది రాతికి బాగుగ ఓర్చుకొనును గాని దుమ్ముతో తుడిచిన గీతలు పడును, పెట్రోలు తగిలిన చెడును. అద్దముపై అంటించు ఫిల్ము పగులుటను ఆపదు, పెంకులను మీద పడనీయదు. అదియు కొంత మేలే.

ఖరీదు మాటకు నా తీర్పిది. గొలుసులును రబ్బరును సరిగానుండగా, పొలము గలవాడు రాళ్లు ఏరకున్నచో అతడియ్యవలెను. అవి లేని యంత్రమును పంపినచో సంఘమే భరింపవలెను. పంపునపుడు గొలుసులను లెక్కించి పుస్తకములో వ్రాసి, డ్రైవరును కార్యదర్శియు సంతకము చేసినచో తగవునకు తావుండదు. చిన్న రైతునకు అద్దె కొంత పెరిగినను ఈ యేర్పాటు కావలసినదే యని నా మతము.

ఆ సంఘమువారు అద్దము ఖరీదును తామే పెట్టుకొనిరి. గొలుసులు తగిలించిరి. కూలి మాత్రము ఇంకను ఎకరముల లెక్కనే యిచ్చుచున్నారు. దానిని మరల వారి సభలో ఎత్తవలసియున్నది.