చౌక బండి, ఖరీదైన ప్రయాణం

పాకాల పేరు వినగానే ఎవరికైనా మొదట స్ఫురించేది రైలు జంక్షను. కాట్పాడి, తిరుపతి, ధర్మవరం మార్గాలు అక్కడ కలుస్తాయి. 2022లో తిరుపతి జిల్లాలో చేరిన ఈ ఊరికీ తిరుపతికీ మధ్య సుమారు 40 కిలోమీటర్ల దూరం. చౌక ప్రయాణం నేటికీ రైలుదే. కాని దాని వేళలు ఉద్యోగుల వేళలతో ఎల్లప్పుడూ పొసగవు. తిరుపతి నుండి పాకాల మీదుగా కాట్పాడి వరకు గల 104 కిలోమీటర్ల ఒంటి మార్గాన్ని జంట మార్గంగా మార్చడానికి కేంద్ర మంత్రివర్గం 2025 ఏప్రిల్‌లో ఆమోదం తెలిపింది. ఈలోగా, కారు కొనాలన్న ఆలోచన మధ్యతరగతి ఇండ్లలో తలయెత్తక మానదు. కొత్త విద్యుత్తు కారా, సెకండ్‌హ్యాండు పెట్రోలు కారా?

నెలకు 25 దినాలు తిరుపతికి వెళ్ళి వచ్చేవారు 2,000 కిలోమీటర్లు ప్రయాణిస్తారు. లీటరుకు 16 కిలోమీటర్లు నడిచే పాత కారుకు 125 లీటర్లు కావాలి. లీటరు 110 రూపాయల లెక్కన 13,750 రూపాయలు. యూనిట్‌కు 7 కిలోమీటర్లు నడిచే చిన్న విద్యుత్తు కారుకు 286 యూనిట్లు చాలు. ఇంటి మీటరు నుండి ఛార్జింగు చేస్తే వాడకం పై శ్లాబులకు ఎగబాకుతుంది. అన్ని యూనిట్లనూ 9.75 రూపాయల హెచ్చు ధరకే లెక్కించినా 2,800 లోపే.

అంతమాత్రాన విద్యుత్తు కారుదే గెలుపని తేల్చరాదు. పాత కారు మూడు లక్షలకు దొరికితే, కొత్తది ఎనిమిది, తొమ్మిది లక్షలు. ఆ తేడాకు అప్పు చేస్తే, అయిదేండ్ల వాయిదాలు ఆదానంతా మింగివేస్తాయి. లాభం ఆరవ యేట మొదలవుతుంది. బ్యాటరీకి సాధారణంగా ఇచ్చే హామీ 8 ఏండ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు. ఈ తిరుగుడుకు అది ఏడేండ్లు నిండకముందే తీరిపోతుంది. రోజుకు పది కిలోమీటర్లు తిరిగేవారి విషయంలో చర్చే అనవసరం. వారికి పాత కారే మేలు.

అసలు చిక్కు అప్పు దగ్గర ఉంది. నెలజీతం గల ఉద్యోగికి బ్యాంకు తలుపులు సులభంగా తెరుచుకొంటాయి. మామిడి కాలంలో మాత్రమే చేతిలో డబ్బాడే దామలచెరువు చిరువ్యాపారికి ఆ సౌలభ్యం తక్కువ. అతడు చేతనున్న సొమ్ముతో పాత బండి కొంటాడు. ఒకే దారిలో ఉద్యోగికి కిలోమీటరుకు ఇంధనవ్యయం రూపాయి నలభై పైసలు. వ్యాపారికి దాదాపు ఏడు రూపాయలు. లేనివాడే ఎక్కువ చెల్లిస్తున్నాడు!

పన్నులు ఈ అంతరాన్ని మరింత పెంచాయి. కొత్త విద్యుత్తు వాహనంపై జి.ఎస్.టి. 2019 నుండి 5 శాతమే. పెట్రోలుపై రాష్ట్రం 31 శాతం వ్యాట్, దానిపై లీటరుకు నాలుగు రూపాయలు అదనంగా వసూలు చేస్తోంది. పొగలేని వాహనాన్ని ప్రోత్సహించడం తప్పు కాదు. ఆ ప్రోత్సాహం కొనగలిగినవానికే చేరడం న్యాయం కాదు.

ఆ వ్యాపారికి అందుబాటులోకి రాగలిగినది సెకండ్‌హ్యాండు విద్యుత్తు కారే. అయితే వాటిని అమ్మే డీలర్ల లాభంపై పన్నును 2025 జనవరిలో 12 నుండి 18 శాతానికి పెంచారు. పైగా బ్యాటరీలో ఎంత సత్తువ మిగిలిందో కొనేవానికి పైకి కనిపించదు. యాజమాన్యం చేతులు మారేటప్పుడు బ్యాటరీని పరీక్షించి, మిగిలిన సామర్థ్యాన్ని రిజిస్ట్రేషను పత్రంలో నమోదు చేయడం రవాణా శాఖ చేయదగిన పని.