రైతుబిడ్డకు గిటారు ఎందుకు?

“ఏమిరా, ఇంత దుడ్డు పెట్టి ఉత్త బోలు పెట్టె తెస్తివే!”

గుత్తిలో బస్సు దిగి, గిటారు భుజాన వేసుకుని మా పల్లెకు చేరిన రోజు మా నాయన అన్న మొదటి మాట ఇది. ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు ఈ సంచికలో చెబుతాను. తక్కువ డబ్బుతో వాద్యం కొనాలనుకునే మిత్రులకు నా అనుభవం కొంత పనికిరావచ్చు.

ముందు ఆ బోలుతనం సంగతి. వీణకు పనసకర్ర తొలిచి కుండ చేసేది నాదం కోసమే కదా! ఈ గిటారు పెట్టెదీ అదే పని. 1936లో గిబ్సన్ కంపెనీ ఇఎస్-150 అనే బోలు గిటారుకు పికప్ బిగించి అమ్మింది. తీగ కదలికను పికప్ విద్యుత్తుగా మారుస్తుంది, పెట్టె ఆ నాదానికి నిండుతనం ఇస్తుంది. అయితే శబ్దం బాగా పెంచితే స్పీకరు ధ్వని పెట్టెను తిరిగి కదిలించి కూత పెట్టిస్తుంది. 1958లో వచ్చిన ఇఎస్-335లో నడుమ కొయ్యదిమ్మె పెట్టడం వల్ల ఆ కూత తగ్గింది. గదిలో వాయించేవారికి పూర్తి బోలు చాలు. డ్రమ్ముల పక్కన వేదికెక్కేవారికి దిమ్మె ఉన్నది మేలు. కొనేముందు తేల్చుకోవలసిన మొదటి విషయం ఇది.

ఇక డబ్బు. రెండేళ్లు లెక్కల ట్యూషన్లు చెప్పి 25,000 రూపాయలు కూడబెట్టాను. జూన్‌లో వాన పడింది. ఇంట్లో చెనిక్కాయ విత్తనానికి డబ్బు తక్కువైంది. నాయన నన్ను అడగలేదు. అడగకపోవడమే నాకు కష్టమనిపించి 9,000 ఇచ్చాను. చేతిలో 16,000 మిగిలింది. కొత్తది కొనాలన్న కోరిక అంతటితో సరి. కంతుల మీద కొనమని స్నేహితులు చెప్పారు. వానను నమ్ముకున్న ఇంట్లో నెలనెలా కట్టే బాకీ తలకెత్తుకోవడం తగదని నా అభిప్రాయం. 12,500కు చేతులు మారిన గిటారు తీసుకున్నాను. రంగు వెలిసింది, ఒక అంచున గీతలున్నాయి. నాదానికి రంగుతో పనేముంది?

“పైపలక ప్లైవుడ్డే కదా” అని ఒక మిత్రుడు పెదవి విరిచాడు. 1949లో వచ్చిన ఇఎస్-175 అనే పేరున్న గిటారుకూ మేపుల్ పొరలు అతికించిన పలకే. పొరల పలక కూత తక్కువ పెడుతుంది, పొడిగాలికి ఏకచెక్క కన్నా బాగా తట్టుకుంటుంది. గిటారుకు గాలిలో తేమ 45-50 శాతం ఉంటే మంచిది. మా గుత్తి ఎండల్లో అంత తేమ ఎక్కడిది? చెక్క కుంచించుకుపోయి మెట్ల కొనలు చేతికి గీసుకుంటాయి. నల్లరేగడికి పత్తి, ఎర్రనేలకు చెనిక్కాయ అన్నట్టు వాద్యాన్నీ నేలను చూసే ఎంచుకోవాలి. నేనైతే చిల్లులున్న సబ్బుపెట్టెలో తడిపి పిండిన స్పాంజి పెట్టి గిటారు పెట్టెలో ఉంచుతున్నాను.

కొనేటప్పుడు చూడవలసింది మెడ. అది వంకర పోలేదా, అతుకు గట్టిగా ఉందా, ప్రతి మెట్టు మీదా తీగ శుభ్రంగా పలుకుతుందా? ఇవి చెడితే బాగుచేయడానికి కొన్నంత ఖర్చు. మిగతావన్నీ మెల్లగా మార్చుకోవచ్చు.

మార్పులకూ ఒక వరుస ఉంది. ముందు కొత్త తీగలు, మెడ సర్దుబాటు. వాటికి నాకు 1,500 అయింది. చాలా గిటార్లకు బ్రిడ్జి తీగల బిగువుతోనే నిలబడుతుంది కాబట్టి తీగలన్నీ ఒకేసారి విప్పకూడదు. పన్నెండో మెట్టు మీద నొక్కిన స్వరం, అక్కడే వేలు తాకించి పలికించిన స్వరం ఒక్కటయ్యేదాకా బ్రిడ్జిని జరపాలి. తర్వాత బిరడాలు. పికప్ చివరన. ఒంటిచుట్ట పికప్‌కు మన 50 హెర్ట్జ్ కరెంటు గుంయ్‌మనే రొద అంటుకుంటుంది. హంబకర్‌లో రెండు చుట్టలు ఒకదాని రొదను మరొకటి కొట్టేస్తాయి. భౌతికశాస్త్రం చదివే మనకు ఇంతకన్నా మంచి ప్రయోగం ఏముంది? పాత భాగాలు బయటికి తీసేముందు ప్రతిదానికీ దారం కట్టండి. ఆ దారం పట్టుకునే కొత్తవాటిని లోపలికి లాగాలి. లేకుంటే ఆ బోలులో చేతికందక తిప్పలు పడతారు.

పాలకొల్లులో పుట్టి 2014లో కన్నుమూసిన మాండలిన్ శ్రీనివాస్ జంటతీగల మాండలిన్‌ను వదిలి, ఐదు ఒంటితీగల విద్యుత్ మాండలిన్‌పై కర్ణాటక సంగీతం వాయించారు. సంగీతం అడిగిన మార్పు అది, హంగు కోసం చేసింది కాదు. మనకూ అదే కొలత కావాలి. చెవి అడిగితేనే మార్చాలి, పక్కవాడి గిటారు చూసి కాదు. నా దగ్గర ఇంకా 2,000 ఉంది, పికప్ మాత్రం పాతదే. యాంప్లిఫయర్ ఒక మిత్రుడిది. మన విద్యార్థి సంఘం ఒక యాంప్లిఫయర్, ఒక పనిముట్ల పెట్టె ఉమ్మడిగా కొని ఉంచితే నాలాంటివారు పదిమంది బాగుపడతారని నా మనవి.

మా నాయన చెక్కభజనలో పాడతాడు. మొన్న సెలవుల్లో నేను వాయిస్తుంటే ఎద్దులకు మేత వేసి వచ్చి కాసేపు నిలబడ్డాడు. “ఏమిరా, ఆ సన్న తీగ సుతి తప్పినట్టుంది సూడు” అన్నాడు.

చూశాను. నిజంగానే తప్పింది.