తూటాకు లెక్క ఎవరు రాస్తారు?

కడప నుంచి పులివెందుల వెళ్లే దారిలో వేంపల్లె వస్తుంది. పక్కనే పాపాఘ్ని. దగ్గర్లోనే గండి ఆంజనేయస్వామి గుడి. శ్రావణ శనివారాల్లో ఆ దారంతా భక్తులే. బజారు, టీ కొట్లు, ఆటోలు, పుస్తకాల సంచులతో పిల్లలు... ఏ ఊళ్లో అయినా కనిపించేవే ఇక్కడా కనిపిస్తాయి.

కానీ సినిమా సీమ వేరు. అక్కడ సుమోలు గాల్లోకి లేస్తాయి. హీరో తొడ కొడతాడు. ఇంటర్వెల్‌ లోపు పదిమంది పోతారు. వాళ్ల పేర్లేమిటో, ఇళ్లలో ఎవరెవరు ఉన్నారో మనం అడగం. పాప్‌కార్న్‌ తింటూ ఎంతమంది పోయారో కూడా లెక్కపెట్టం!

సినిమాలో సరే... నిజంగా జరిగినవాటిని మాత్రం లెక్కపెడుతున్నామా?

వాళ్లొక లెక్క రాసుకున్నారు

సీమ పల్లెల్లో 'పార్టీ' అంటే ఒకప్పుడు జెండా గుర్తు కాదు, వర్గం. ఎవరు ఏ పార్టీ అన్నది పుట్టిన వీధిని బట్టే తేలిపోయేది. ఆ వర్గాలకు చావుల లెక్క బాగా తెలుసు. 'మావాళ్లు ఇంతమంది, వాళ్లవాళ్లు ఇంతమంది...' అన్నది నోటి లెక్క. చిక్కేమిటంటే ఆ ఖాతా ఎప్పటికీ సరిపోదు. సరిచేద్దామనుకున్న ప్రతిసారీ ఇంకో తల పెరుగుతుంది.

1998 మే 23న ఈ వేంపల్లె సమీపంలోనే వై.ఎస్‌.రాజశేఖరరెడ్డి తండ్రి రాజారెడ్డిని బాంబు దాడిలో చంపేశారు. అంతకు ఆరు నెలల ముందు, 1997 నవంబరు 19న హైదరాబాద్‌ జూబ్లీహిల్స్‌లో అనంతపురం కక్షలే కారు బాంబై పేలితే 26 మంది చనిపోయారు. వాళ్లలో ఆ కక్షతో ఏ సంబంధమూ లేని పాత్రికేయులూ, సినిమా చిత్రీకరణ సిబ్బందీ ఉన్నారు. పగ సీమది... ప్రాణాలు ఎవరెవరివో!

ఆయుధం మారిందా?

నాటు బాంబు, వేటకొడవలి. చాలాకాలం కక్షల ఆయుధాలివే. తుపాకి మోత తర్వాత గట్టిగా వినిపించింది. 2005 జనవరి 24న అనంతపురంలో పార్టీ కార్యాలయం దగ్గరే ఎమ్మెల్యే పరిటాల రవిని కాల్చి చంపారు. ఆ కేసులో నిందితుడైన మద్దెలచెరువు సూరి 2011 జనవరి 3న హైదరాబాద్‌లో కారులో వెళ్తుండగా తూటాకే బలయ్యాడు. అలాగని కత్తి మూలన పడలేదు. 2017 మే 21న కర్నూలు జిల్లాలో చెరుకులపాడు నారాయణరెడ్డిని నరికే చంపారు.

ఇక మన దారి చివరనున్న పులివెందులకే వద్దాం. 2021 జూన్‌లో ఆ మండలంలోని నల్లపురెడ్డిపల్లెలో ఒకాయన లైసెన్సు తుపాకితో మరొకరిని కాల్చి, తననూ కాల్చుకున్నాడు. రెండు ప్రాణాలూ పోయాయి. 2023 మార్చి 28న పులివెందుల పట్టణంలోనే డబ్బు గొడవ ముదిరి కాల్పులదాకా వెళ్లింది. ఒకరు చనిపోయారు, మరొకరు గాయపడ్డారు. అక్కడా లైసెన్సు తుపాకే!

రెండు ఘటనల్ని పట్టుకుని 'ఇదే ధోరణి' అనేయడం తొందరపాటే. అయినా ఒక్క సంగతి మాత్రం ఆలోచింపజేస్తుంది. కాపు కాసి, మనుషుల్ని పోగేసి, బాంబులు చుట్టుకుని వచ్చే దాడి కాదిది. మాటామాటా పెరిగినప్పుడు చేతికి అందేంత దూరంలో తుపాకి ఉంది. శత్రువు నుంచి కాపాడుకోవడానికని తెచ్చుకున్నది తెలిసినవాడి మీదే పేలింది.

అంకె చెప్పని సంగతి

మరి లెక్కలు లేవా అంటే ఉన్నాయి. జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా పెద్ద పుస్తకమే వేస్తుంది. కానీ అంకెల్ని చదవడంలోనే ఉంది అసలు కిటుకు.

'ఆయుధాల చట్టం కేసులు ఇన్ని' అని వార్త రాగానే అన్నీ తుపాకులే అనుకుంటాం. 1959 నాటి ఆ చట్టం కిందికి పదునైన కత్తులూ వస్తాయి. ఇంటి పనికీ వ్యవసాయానికీ మాత్రమే పనికొచ్చే పనిముట్లను మినహాయించారు. నాటు బాంబు దొరికితే 1908 నాటి పేలుడు పదార్థాల చట్టం ఉంది. అంటే ఒకే ఊరి హింస రెండు మూడు గళ్లలో విడివిడిగా పడుతుంది.

ఇంకో తిరకాసు. ఎన్నికల ముందు పోలీసులు గట్టిగా సోదాలు చేస్తే కేసులు పెరుగుతాయి. అంటే హింస పెరిగినట్టా, తగ్గబోతున్నట్టా? ఒట్టి అంకె ఆ మాట చెప్పదు. ఆయుధమేమిటి, లైసెన్సుందా, గొడవ దేనికి, చోటెక్కడ, వేళేమిటి... ఈ అయిదూ పక్కన రాస్తేనే అంకెకు నోరొస్తుంది.

డాక్టరు రాసిన చీటీ

బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో ఈ పని ఓ డాక్టరు మొదలుపెట్టారు. పేరు జొనాథన్‌ షెఫర్డ్‌. దెబ్బలతో తన దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది గొడవలు పోలీసుల దాకా వెళ్లడమే లేదని ఆయన గమనించారు. దాంతో ఆసుపత్రి సిబ్బంది ప్రతి ఒక్కరినీ 'ఎక్కడ, ఎప్పుడు, దేంతో?' అని అడగడం మొదలైంది. పేర్లు తీసేసి ఆ వివరాలను పోలీసులకూ, నగర పాలనకూ ఇచ్చారు. ఏ వీధిలో ఏ వేళకు గస్తీ కావాలో వాటిని బట్టే తేల్చారు. హింస వల్ల ఆసుపత్రిలో చేరేవాళ్లు అలాంటి ఇతర నగరాలతో పోలిస్తే అక్కడ బాగా తగ్గారని 2011లో బ్రిటిష్‌ మెడికల్‌ జర్నల్‌ ప్రచురించిన పరిశోధన చెప్పింది.

మన ఆసుపత్రుల్లోనూ గాయాల కేసులకు రిజిస్టర్లున్నాయి. అవి కోర్టు కోసం రాసేవి. వేంపల్లె, పులివెందుల, కడప రిజిస్టర్లను పేర్లు లేకుండా ఒకచోట చేర్చి చూస్తే రేపటి గొడవకు ఇవాళే ఆనవాలు దొరకొచ్చు.

మన ఇంటి లెక్క

2019 సవరణతో ఒకరి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు. లైసెన్సు గడువు మాత్రం మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెరిగింది. అయిదేళ్లంటే తక్కువేం కాదు. ఆలోగా అప్పులు పెరగొచ్చు, తాగుడు అలవాటు కావచ్చు, అన్నదమ్ములు విడిపోవచ్చు. ఇవేవీ కలెక్టరేట్‌ ఫైల్లోకి ఎక్కవు. ఇంట్లోవాళ్లకే ముందు తెలుస్తాయి. అందుకే తుపాకి ఉన్న ఇంట్లో ఆడవాళ్లు అడగాల్సిన మాటలు కొన్నున్నాయి. ఆ బీరువా తాళం ఎవరి దగ్గరుంది? తూటాలు వేరే చోట ఉన్నాయా? ఏ ప్రాణభయంతో దీన్ని తెచ్చుకున్నామో ఆ భయం ఇంకా ఉందా? లేకపోతే అప్పజెప్పేయొచ్చు కదా? అలా అప్పజెప్పడానికి చట్టంలో దారుంది.

'పొద్దుమునగక ముందే ఇంటికి రా నాయనా' అంటూ సీమలో ఎందరో తల్లులు ఏళ్లకేళ్లు వాకిట్లో నిలబడ్డారు. ఆ రోడ్ల మీద ఇప్పుడు భయం చాలా తగ్గింది. కొడుకు వేళకే ఇంటికొస్తున్నాడు.

ఇక చూసుకోవాల్సింది, ఇంట్లో ఏముందో!